నూకాలు చెక్కిన మూడో పెచ్చు

అనగనగా కంటే ఇంకాస్త ముందు, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్లో నూకాలు. ఊ కొట్టేవాళ్లు ఉండండి, ఆవలించేవాళ్లు లేచి పొండి.

నూకాలు మొగుడి పేరు గురువులు, ఊరి పశువులు కాసేవాడు. నూకాలు వాటి మెళ్లోకి కొయ్య గంటలు చెక్కేది. ఎవరూ నేర్పలేదు. విరిగిన కొడవలి ముక్కే ఆమె ఉలి. కొయ్య మీంచి పెచ్చు తీసేది, మోగించేది, వినేది. ఏ రెండు గంటలూ ఒక్కలా మోగేవి కావు. ముందు నడిచే చుక్కావు గంట ఎటు మోగితే మందంతా అటే.

ఊరి పెద్ద పెదకాపుకి ఈ కొయ్య గంటలు నామోషీ అయ్యాయి. పట్నం నుంచి ఇత్తడి గంటలు తెప్పించి, కొయ్యవన్నీ పొయ్యిలో పెట్టించాడు.

"ఏటే నూకాలూ, పక్కూరోళ్లు నవ్వుతున్నారు. ఊరికి పరువొద్దా?"

"పరువు మీ మెళ్లో కట్టుకోండి బావూ. పశువులకెందుకు?"

ఇత్తడివన్నీ ఒకే అచ్చులో పోసినవి. అన్నిటిదీ ఒకటే మోత. ఏది చుక్కావో మందకే తెలీదు.

ఒకనాడు మంద గెడ్డ దాటి, ఆ కొండవాగు అవతల మేస్తుంటే కొండ మీద వాన దంచింది. గెడ్డ పొంగుతోంది. ఊరంతా గట్టు మీదికి ఉరికింది. అవతల గురువులు తోలుతున్నాడు, తిడుతున్నాడు. ఒక్కటీ నీళ్లలో దిగదు.

"నువ్వైనా వచ్చీరా గురువులూ," అని గట్టు మీంచి జనం అరిచారు.

"మందనొగ్గీసి నాను రాను."

నూకాలు నడుంలో సగం చెక్కిన పనసకొయ్య గంట, కొడవలి ముక్క ఉన్నాయి. గట్టు మీదే కూలబడింది. చుక్కావు పాత గంట మోత ఆమె చెవిలోనే ఉంది. పెచ్చు తీసింది, మోగించింది, వింది. చుక్కావు తలెత్తలేదు. గెడ్డ మోకాల్లోతుకొచ్చింది.

"బేగి కానీయే," అన్నాడు పెదకాపు.

"నోరు ముయ్యండి బావూ, నాకు వినబడాల."

పెచ్చు తీసింది, మోగించింది, వింది. చుక్కావు చెవి కదిలింది. గెడ్డ నడుంలోతుకొచ్చింది.

పెచ్చు తీసింది, మోగించింది. ఈసారి వినడానికి ఆగలేదు. చుక్కావు అంబా అని నీళ్లలో దూకేసింది! దాని వెనక మందంతా దూకింది. చివరి ఎద్దు తోక పట్టుకుని గురువులు ఒడ్డెక్కాడు. పెదకాపు తన చేత్తోనే ఇత్తడి గంటలు విప్పి గెడ్డలో పారేశాడు. ఆ మాత్రమైనా చేశాడు.

నూకాలు ముసలిదై కన్నుమూసిననాడు డప్పులు కొట్టించలేదు. చుక్కావు మనవరాలు పనస గంట కట్టుకుని పాడె ముందు నడిచింది. ఊరంతా ఆ గంట వెనకాలే నడిచింది.

ఇప్పటికీ ఆ ఊళ్లో ఇత్తడి గంట కట్టరు. నా వల్ల కాదని ఎవరైనా చేతులెత్తేస్తే, పక్కనున్న ఆడది ఊరుకోదు.

"ఇంకో పెచ్చు తీసి చూడు. నూకాలు మూడోది తీసిందాకా ఆవు దిగలేదు."