ఏటికి అడ్డం కట్టిన గోడ

అనగనగా ఒక మడ అడవి. ఏరు సముద్రంలో కలిసే చోట, బురదలో వేళ్లూని నిలబడ్డ చెట్ల అడవి. ఆ ఒడ్డునే పందికొక్కుల పేట. దానికి పెద్ద బండయ్య.

పందికొక్కులకు ఒక అలవాటుంది. భయమేస్తే చాలు, కన్నం మూతికి మట్టి కూరేసి లోపల కూర్చుంటాయి.

ఒకరోజు కోడలు సూరమ్మ బండయ్య దగ్గరికి వచ్చింది.

"మామయ్యా, నిరుడు సముద్రపు పోటు మన గడప దాకా వచ్చింది. ఈ ఏడు నట్టింట్లోకి వచ్చింది. వచ్చే ఏడు ఎందాకా వస్తుందో మీరే లెక్కేయండి. పల్లం నీళ్లకు వదిలేసి మెట్టెక్కుదాం. నా పిల్లలింకా కళ్లయినా తెరవలేదు."

"మెట్ట మీద కూర్చుంటే పీతలు నడిచొచ్చి నోట్లో పడతాయా అమ్మాయ్?" అన్నాడు బండయ్య. "గోడ కడదాం. మూసేస్తే సరి!"

పందికొక్కులన్నీ తలూపాయి. అడ్డొచ్చిన మడచెట్ల వేళ్లు కొరికేశాయి. ఒడ్డు పొడవునా, ఏటికి అడ్డంగా కూడా, మట్టిగోడ లేపాయి.

ఈదుకుంటూ వచ్చిన నీటికుక్క అది చూసి నవ్వింది. "గోడ భలే ఉంది తాతా! మరి ఏరు ఎటు పోవాలి? మీ వంటింట్లోంచా?"

"నీ పని చూసుకో, తడిమూతిదానా!" అన్నాడు బండయ్య.

ఆ వారం వచ్చిన మొదటి పోటును గోడ ఆపింది. బండయ్య మీసం దువ్వుకున్నాడు. రెండో పోటు గోడ అంచు దాకా వచ్చింది. పందికొక్కులు ఇంకాస్త మట్టి వేసి ఎత్తు పెంచాయి. మూడో పోటు వచ్చిన రోజే ఎగువన పెద్ద వాన కురిసింది.

ఏరు పొంగి వచ్చి పేటలో నిలిచిపోయింది. పోటు తగ్గి, గోడ బయట నీళ్లు దిగిపోయాయి. లోపలి నీళ్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

సూరమ్మ ఒక పిల్లను నోట కరుచుకొచ్చి గోడ మీద పెట్టింది. "మిగతావి లోపలే ఉన్నాయి మామయ్యా! గోడ తవ్వండి!"

"ఇంత కష్టపడి కట్టింది..." అంటూ బండయ్య గోడ వైపు చూశాడు. అంతలో కన్నంలోంచి సన్నగా కీచుమని వినిపించింది. ఇంకో మాట లేకుండా గోడ మీద పడి తవ్వాడు. పందికొక్కులన్నీ తవ్వాయి. నీళ్లు హోరున సముద్రంలోకి దూకాయి.

సూరమ్మ కన్నంలోకి దూరి, వణుకుతున్న పిల్లలను ఒక్కొక్కటే బయటికి తెచ్చింది. అన్నీ బతికే ఉన్నాయి.

ఆ సాయంత్రమే పేట మెట్టెక్కింది. పల్లమంతా బండయ్య దగ్గరుండి మడ మొలకలు నాటించాడు. అవి ఎదిగాక పోటు వచ్చినా, వేళ్ల మధ్య మెత్తబడి వెనక్కి మళ్లేది.

"ఆ పల్లం ఎవరిది తాతా?" అని అడిగింది ఒక మనవరాలు.

"నీళ్లది తల్లీ. అవి ఇంట్లో లేనప్పుడు మనం వెళ్లి పీతలు పట్టుకుంటాం."

నీతి: నీటి ఒడ్డున ఊరు కట్టేవాళ్లు నీళ్లు నిలిచే చోటూ, పోయే దారీ ముందుగా వదిలిపెట్టి, ఆ తర్వాతే ఇల్లు కట్టుకోవాలి.