చుక్కగేదె వెనక్కి చూసింది

ఇంక ఆ పుస్తకం మూసెయ్యి చిట్టీ. ఇందాకట్నుంచీ వింటున్నాను, గేదెలైతే హెర్డు, కొంగలైతే ఫ్లాకు, చీమలైతే కాలనీ అని ఒకటే పాట. చీమలకి కాలనీయా! మన వీధికి ఇంకా సిమెంటు రోడ్డే పడలేదు. లైటు తీసేసి ఇలా పక్కన పడుకో. ఆ మూడూ ఉన్న కథ చెప్తాను, రేపు పరీక్షలో వాటంతటవే గుర్తొస్తాయి.

అనగనగా ఒక ఊళ్ళో... కాదులే, ఊరికి అవతల, గోదారి మధ్యలో ఒక లంక. లంకంటే చుట్టూ నీళ్ళు, మధ్యలో పచ్చగడ్డి. అక్కడ పాక వేసుకుని అప్పన్న అనే తాత, ఆయన మనవరాలు నూకాలు గేదెల్ని మేపుకునేవాళ్ళు. ఆ మందే వాళ్ళ బతుకు. మందకి పెద్ద చుక్కగేదె. నుదుటి మీద తెల్లచుక్క, మెడలో గంట. అదెటు పోతే మిగతావన్నీ అటే.

వానాకాలంలో ఒక పొద్దున్న చుక్కగేదె ఈనింది. దూడ మరీ బక్కది, నిలబడలేకపోయింది. నూకాలు దాన్ని పాకలో గోనెసంచి మీద పడుకోబెట్టింది.

అప్పుడు నూకాలుకి చీమల బారు కనిపించింది. గుడ్లు నోట కరుచుకుని తాటిచెట్టు పైకి పోతున్నాయి. ఆ తర్వాత కొంగలు. రోజంతా గేదెల వెనకే తిరిగేవి, పట్టపగలే బారు కట్టి ఊరివైపు ఎగిరిపోయాయి. ఆ తర్వాత గోదారి. ఎర్రటి నీళ్ళు నురగలు కక్కుతూ గట్టెక్కుతున్నాయి.

"తాతా, వరదొచ్చేత్తంది!"

తాత దిగ్గున లేచాడు. "మందని తోలెయ్యే, అవతలొడ్డుకి ఈదించేద్దాం" అన్నాడు.

"మరి దూడో?"

"అదెలాగూ బతకదే. దాని కోసం చూత్తే మందంతా పోద్ది. వదిలెయ్."

పెద్దాయన మాట. నూకాలు కళ్ళు తుడుచుకుని కర్ర తీసుకుంది.

ఇద్దరూ అదిలించి తోలారు. మంద మోకాలి లోతు దిగింది. అప్పుడు చుక్కగేదె ఆగింది. పాకవైపు ఒకసారి చూసి గిర్రున వెనక్కి తిరిగింది. అన్నీ దాని వెనకే గట్టెక్కేశాయి.

ఆ తర్వాత మందలో ఉన్న దున్నపోతు మెడతాడుని వాళ్ళ దోనెకి, అదే చిన్న పడవకి, కట్టి లాగారు. అది కొంతదూరం ఈదింది. వెనక ఎవరూ రావట్లేదని చూసుకుని ఒక్క గుంజు గుంజింది. దోనె బోర్లాపడబోయింది. తాడు వదిలెయ్యక తప్పలేదు.

అప్పటికి పాకలోకి నీళ్ళొచ్చేశాయి. తాత బావురుమన్నాడు. "పోతే పోయాయి, నువ్వు దోనెక్కెయ్యే తల్లీ. నువ్వుంటే సాలు."

నూకాలు ఎక్కలేదు. చుక్కగేదె ఎందుకు వెనక్కి చూస్తోందో ఆ పిల్లకి అప్పుడు అర్థమైంది. పాకవైపు పరిగెత్తింది. తాత వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు. నడుం లోతు నీళ్ళు. లోపల గోనెసంచి తేలుతోంది. దాని మీద దూడ లేదు.

పడుకో, లేవకు. చెప్తున్నాగా.

ఒక మూల, గుంజకి ఆనుకుని, ముట్టె ఒక్కటే పైకి పెట్టి ఉంది దూడ. పొద్దుట్నుంచీ నిలబడలేనిది నిలబడింది! నీళ్ళే నిలబెట్టాయో, ప్రాణమే నిలబెట్టిందో నాకు తెలీదు. నూకాలు దాన్ని భుజాల మీద వేసుకుంది. కాళ్ళు తడబడుతూ, నీళ్ళు మింగుతూ, ఎలాగో దోనె దగ్గరికొచ్చి దాన్ని లోపల పడేసి, తనూ ఎక్కింది. దూడ సన్నగా అరిచింది.

అంతే. గంట మోగింది. చుక్కగేదె ఎవరూ తోలకుండానే నీళ్ళలోకి దూకింది. దాని వెనక దున్నపోతు, దాని వెనక మందంతా. గోదారినిండా కొమ్ములే. ఒక పెద్ద మోడు కొట్టుకొస్తే తాత గెడతో పక్కకి తోశాడు. చుక్కగేదె మాత్రం మోడుని చూడలేదు, సుడిని చూడలేదు. దోనెనే చూస్తూ ఈదింది.

ఒడ్డెక్కాక తాత దూడ తల నిమిరాడు. "నిన్నొదిలెయ్యమన్నానే తల్లీ" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దూడ ఆయన వేళ్ళు చప్పరించింది. పాలనుకుంది పాపం.

ఆ తర్వాత ఏమైందంటావా? చుక్కగేదె ముసలిదయ్యాక ఆ గంట ఈ దూడ మెడలోకే వచ్చింది. వరదొచ్చినప్పుడల్లా ఇదే ముందు దిగేది. దిగేముందు ఆగి, వెనక్కోసారి చూసేది, ఎవరైనా ఉండిపోయారేమోనని.

రేపు టీచరమ్మకి హెర్డనే రాయి, లేకపోతే మార్కులు పోతాయి. నన్నడిగితే మాత్రం, ఒక్కదాన్ని కూడా వదిలి రాలేనిదే మందంటే. ఇంక కళ్ళు మూసుకో.

చీమల బారు చెట్టుకి,
గేదెల మంద గట్టుకి,
కథ వెళ్ళింది కంచికి,
కునుకు రావే కంటికి.