మోరీ బండెక్కిన నక్క

నేను గాడిదను. తర్వాత మీరు తిట్టుకోకుండా ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. పొద్దున్నే రెండు బస్తాల సున్నం వీపునేసుకుని, కొత్త మేడల దగ్గర దింపి, మధ్యాహ్నానికి కూరగాయల బజారు వెనక సందుకి చేరతాను. వాడిన గోంగూర, పుచ్చు వంకాయలు, కాలీఫ్లవరు ఆకులు అన్నీ అక్కడే పారేస్తారు. పట్నంలో మా బోటివాళ్ళకి అంతకన్నా మంచి హోటలు లేదు.

ఆ సందులో ఎడమ గోడకి ఎండ, కుడి గోడకి నీడ. ఎండ పడని గేదెలు, దున్నపోతులు, నల్లమేకలు నీడన చేరేవి. ఎండ ఓర్చుకునే ఆవులు, ఎద్దులు, తెల్లమేకలు, బాతులు ఇటు గోడన ఉండేవి. నడుమన నేనూ చుక్కమ్మా. చుక్కమ్మంటే నలుపూ తెలుపూ మచ్చల మేక. అది నోరు విప్పిందంటే సందు చివరిదాకా వినబడుతుంది. దానికి నెలల పిల్ల ఒకటి, బుల్లి. సందు కింద మురుగు పోయే మోరీ, సందు మధ్యలో దాని నోటి మీద ఓ నాపరాతి బండ. అందరం ఆ బండ మీదుగానే తిరిగేవాళ్ళం గానీ, అది అక్కడుందని ఎవరం ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

సందుకో అధ్యక్షుడుండడం మా ఆచారం. కూరల చెత్త పడగానే ముందెవరు తినాలో, సందు చివరున్న కోళ్ళగూటికి కాపలా ఎవరుండాలో చెప్పేది ఆయనే. పాత అధ్యక్షుడు కుక్క భైరన్న ఓ రోజు మునిసిపాలిటీ బండెక్కాడు. మరి రాలేదు.

ఆ వారంలోనే, ఇటుకబట్టీల దారిలో నక్క ఎదురొచ్చింది. పేరు జంబులయ్య.

"గాడిదన్నా! ఏం నడక, ఏం ఠీవి, ఆ చెవులేమిటన్నా అంత అందంగా ఉన్నాయి!" అన్నాడు.

నా చెవుల్ని మెచ్చుకున్నవాడు నాకు బుద్ధెరిగాక వాడొక్కడే. కరిగిపోయాను.

"మీ సందులో ఎవరెవరుంటారన్నా?"

"నీడ కావాల్సినవాళ్ళు నీడన, మిగతావాళ్ళు ఎండన."

"అబ్బా, అది కాదు. రంగులు చెప్పు, రంగులు!"

అప్పటిదాకా నేనెప్పుడూ అలా చూళ్ళేదు. కాస్త ఆలోచించి, "నీడన నల్లవాళ్ళు, ఎండన తెల్లవాళ్ళు" అన్నాను. వాడి కళ్ళు మెరిశాయి.

"నేను అధ్యక్షుణ్ణయితే రవాణా శాఖ నీదే. కాస్త సున్నం పెట్టు."

పెట్టాను. తిట్టండి, పడతాను. బొగ్గు మాత్రం ఇస్త్రీ బండి కింద వాడే ఏరుకున్నాడు.

మర్నాడు జంబులయ్య సందులోకి వచ్చాడు చూడండీ! ఎడమ పక్కంతా సున్నం, కుడి పక్కంతా బొగ్గు. ఎడమ గోడవాళ్ళకి తెల్ల నక్క, కుడి గోడవాళ్ళకి నల్ల నక్క. ఎదురుగా నిలబడితే తప్ప సంగతి తెలీదు. మావాళ్ళు గోడ వదిలి కదిలితే కదా!

"ఓరి వీడి తస్సాదియ్యా! ముక్కు మధ్యన గీతుందే!" అంది చుక్కమ్మ.

"ఒంటి మీద చుక్కలున్నదానికి అన్నీ అలాగే కనబడతాయిలే" అన్నాయి బాతులు.

జంబులయ్య చుట్టూ చూశాడు. "కాబోయే అధ్యక్షుడు నేల మీద నిలబడి మాట్లాడితే మీ పరువేం కాను? వేదిక కావాలి. అదుగో, ఆ బండ!"

"అది మోరీ మూత నాయనా!" అంది చుక్కమ్మ.

"ఎన్నికయ్యాక పెట్టేద్దాం అక్కా."

వాడు తెల్ల ఎద్దు పాలయ్య చెవిలో, "దున్నపోతు ఒక్కడే లాగేస్తానంటున్నాడు బావా" అన్నాడు. దున్నపోతు కాటన్న చెవిలో, "ఆ ఎద్దుకి నీకంటే బలముందిట" అన్నాడు. ఇంకేముంది? ఇద్దరూ చెరో వైపూ పట్టి, రొప్పుకుంటూ, బండని బజారు గేటు దగ్గరికి ఈడ్చారు. ఆ రెండు రంగులూ కలిసి చేసిన పని ఆ వారం మొత్తానికీ అదొక్కటే.

జంబులయ్య బండెక్కాడు. ఎడమకి వంగి గొంతు తగ్గించాడు. "ముల్లంగి ఏ రంగు? కాలీఫ్లవరు ఏ రంగు? మనవి కదా! మరి ఆ నల్లవాళ్ళెలా తింటున్నారు?" పాలయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. తర్వాత కుడికి వంగాడు. "వంకాయ ఎవరిది?" "మనదే!" "దాని మీద తెల్లవాళ్ళ పళ్ళ గాట్లేమిటి?" కాటన్న బుస కొట్టాడు. అప్పుడు నిటారుగా నిలబడి గొంతెత్తి, "మనమంతా ఒక్కటే!" అని అరిచాడు. రెండు గోడలూ ఈలలు వేశాయి.

"ఇదుగో, గేదె పాలు కూడా తెల్లగానే ఉంటాయి కదా, అవెవరివి?" అని అడిగింది చుక్కమ్మ.

"అదే కుట్ర!" అన్నాడు జంబులయ్య. అది ఎవరి కుట్రో అడిగినవాడు లేడు. రెండు వైపులా మళ్ళీ ఈలలు.

సభ కాగానే వాడు గోడ దూకి చెరుకు తోటలోకి పోయాడు. వచ్చిన దారిన వెనక్కి ఎప్పుడూ వెళ్ళేవాడు కాదు. ఎందుకో నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రమే బుల్లి ఆడుకుంటూ తెరిచున్న మోరీలో పడింది. ఎలాగో పైకి లాగాం. ముందు కాలు వాచి కుంటుతోంది.

చుక్కమ్మ పాలయ్య దగ్గరికి పరిగెత్తింది. "బావా, ఆ బండ మళ్ళీ మూతెయ్యండి. నీకు పుణ్యముంటుంది."

"నీ ఒంటి మీద నల్ల మచ్చలే ఎక్కువున్నాయి. అటడుగు."

కాటన్న దగ్గరికి పోయింది. ఆయన దాన్ని ఎగాదిగా చూశాడు. "తెల్లవే ఎక్కువున్నట్టున్నాయి. ఇటెందుకొచ్చావు?"

చివరికి నా దగ్గరికొచ్చింది. "రేపోమాపో వాన పడేలా ఉందన్నా. మోరీ నిండితే గొయ్యేదో నేలేదో తెలీదు. అప్పుడు పడితే నా పిల్ల నాకు దక్కదు."

నేనేమన్నానో తెలుసా? "రవాణా శాఖ రానీ, చూద్దాం" అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది. గాడిద కాళ్ళు వెనక్కే కదా తన్నేది, ఆ సుఖమూ లేదు.

ఎన్నిక రోజొచ్చింది. ఆకాశమంతా మబ్బు. జంబులయ్య కొత్తగా సున్నమూ బొగ్గూ పూసుకుని, గేటు నుంచి కోళ్ళగూటి దాకా ఊరేగింపుగా నడిచాడు. ఎడమన "మన తెల్లన్న!" కుడిన "మన నల్లన్న!" మోరీ దగ్గర ఆగి, "ఇదేనా ఆ గొయ్యి? గెలిచిన మర్నాడే మూయిస్తా!" అని దాని మీద నుంచి దర్జాగా గెంతాడు. చప్పట్లే చప్పట్లు. గూటి దగ్గర కోళ్ళ వంక చూసి లొట్టలేస్తూ, "కోళ్ళ రక్షణ శాఖ నా దగ్గరే ఉంటుంది" అన్నాడు. కోళ్ళు చప్పట్లు కొట్టలేదు.

గోడ దూకబోతుంటే పాలయ్య పిలిచాడు. "ఆగండాగండి! మా సందులో ఊరేగింపంటే రానూ పోనూ. మళ్ళీ గేటు దాకా నడిస్తేనే అధ్యక్షుడు. భైరన్న కూడా అంతే."

జంబులయ్య మొహం చూడాలి అప్పుడు! తిరిగి నడిచాడా, తెల్లవాళ్ళకి బొగ్గు, నల్లవాళ్ళకి సున్నం. అయినా నవ్వు తెచ్చుకుని, "నేను మళ్ళీ మళ్ళీ మొహం తిప్పేవాణ్ణి కాదు! ఎటు చూసి వచ్చానో అటే చూస్తూ పోతాను!" అని తోక ముందు పెట్టుకుని వెనక్కి నడవడం మొదలెట్టాడు.

"ఎంత నిలకడ!" అంది ఓ బాతు.

"ఇలాంటి నాయకుడు మళ్ళీ పుట్టడు" అంది ఓ గేదె.

చుక్కమ్మ మాత్రం బుల్లిని కాళ్ళ మధ్య అదుముకుని, "ఏయ్ నక్కా, వెనక చూసుకో! మోరీ!" అని నిజంగానే అరిచింది. దాని మాట ఎవరు విన్నారు గనక వాడు వినడానికి! నడుస్తూ నడుస్తూ దబ్బున మాయమయ్యాడు.

అందరూ పరిగెత్తారు. గోడలు వదిలి ఒకేచోట మూగడం వారంలో అదే మొదలు. లోపల మురుగులో జంబులయ్య. సున్నమూ బొగ్గూ కొట్టుకుపోయి, పాత బస్తా రంగులో బిక్కమొహమేసుకుని ఉన్నాడు.

"వీడు మీవాడే!" అన్నాడు పాలయ్య.

"ఛీ, మీవాడే!" అన్నాడు కాటన్న.

"ఎవరివాణ్ణయితేనేం, పైకి లాగండి బాబూ!" అని ఏడిచాడు జంబులయ్య.

చుక్కమ్మ లోపలికి వంగి చూసింది. "ఈ మోరీ ఊరి బయట కాలవలోకి పోతుంది. అటు పోతే చెరుకు తోట. కుడికో ఎడమకో తిరగక్కర్లేదు, తిన్నగానే పో. త్వరగా పో, మూతేస్తున్నాం." వాడు మురుగులో పాకుతూ పోయాక ఎద్దు వైపూ దున్నపోతు వైపూ తిరిగింది. "ఏం బావా? ఏం కాటన్నా? ఇప్పుడు నా మచ్చలు లెక్కపెడతారా, బండ లాగుతారా?"

ఇద్దరూ తలలొంచుకుని బండ ఈడ్చుకొచ్చారు. నేనూ నుదుటితో నెట్టాను, ఎవరూ అడక్కుండానే. మూత పడిన కాసేపటికే వాన దంచి కొట్టింది. మోరీ నిండి గోడల దాకా నీళ్ళు పొర్లాయి. బుల్లి ఆ నీళ్ళలో కుంటుకుంటూ, చెంగుచెంగున గెంతుకుంటూ బండ మీద నుంచి అటూ ఇటూ తిరిగింది. పాలయ్య తెల్లబోయి, కాటన్న వంక చూశాడు. ఆయన బుల్లి కాళ్ళ కింది బండ వంక చూశాడు.

వాన వెలిశాక ఓ బాతు, "అయితే మళ్ళీ సభ పెట్టాలి. బండ తీస్తే..." అని మొదలెట్టింది. చుక్కమ్మ వెళ్ళి బండ మీద కూర్చుంది. ఇప్పటికీ రోజూ అక్కడే కూర్చుని నెమరేస్తుంది. అది అధ్యక్షురాలు కాదు, ఎవరూ ఎన్నుకోలేదు. కానీ సందులో ఎవరికి ఉపన్యాసం ఇవ్వాలనిపించినా, ముందు దాన్ని లేవమని అడగాలి. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నాకు రవాణా శాఖ రాలేదు లెండి. అందుకే ఈ నీతి ఊరికే చెబుతున్నాను: నాయకుడి రంగు చూసి మురిసేముందు, వాడెక్కి నిలబడ్డ బండ ఏ గోతి మీద నుంచి తీసుకొచ్చారో చూసుకోండి.