ఎల్లాజీ వాంగ్మూలం

శిష్యులు ఏదైనా అడిగితే ఏసోబు అయ్యగారు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళజోడు తీసి పైపంచె కొసతో తుడుచుకునేవారు. తాను చూసిన సంగతి ఏదో చెప్పబోతున్నారని దానికి అర్థం.

ఆ ఆదివారం పట్నం చర్చిలో పేతురు అపొస్తలుడి గురించి ప్రసంగించే వంతు కృపావరానిది. అతనిది భీమిలి దగ్గర జాలరిపేట.

"అయ్యగారూ, పేతురు బేత్సయిదా జాలరి అనీ, చదువు లేనివాడనీ, ప్రభువెవరో ఎరగనని బొంకిన రాత్రి యాస విని పనివాళ్ళు సైతం అతన్ని గుర్తుపట్టారనీ అక్కడ చెప్పాలా? పెద్దపెద్దవాళ్ళు వస్తారు. అతని గొప్పతనం మట్టుకు చెబితే చాలదా?" అని అడిగాడు.

అయ్యగారు కళ్ళజోడు తుడిచి చెప్పిన సంగతి ఇది.

సువార్త బోధకు రాకముందు ఆయన ఒక సర్కారు కచేరీలో గుమాస్తా. ఆ రోజుల్లో ఒక పడవ మునిగి ఇద్దరు జాలర్లు పోయారు. వాళ్ళు తాగి ఉన్నారన్నాడు పడవ యజమాని. అదే పడవలో వెళ్ళి ఈదుకుంటూ ఒడ్డు చేరిన మూడోవాడు ఎల్లాజీ. పోలీసులు వచ్చి అడిగితే, "ఆ పడవ నాను ఎక్కనేదు బాబూ" అనేశాడు. యజమాని ఎదురుగా నిలబడి ఉన్నాడు మరి. పక్క గుమ్మంలో ఉన్న, ఆ పడవలో మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడమనిషి ఎల్లాజీ వైపు చూసింది, అంతే. ఆ చూపుకి అతను పది రోజులు గుడిసె దాటి రాలేకపోయాడు.

కచేరీలో విచారణ నాడు, తాగిన మైకంలో మునిగారని అధికారి రాయిస్తుండగా వెనకనుంచి ఎల్లాజీ లేచాడు.

"తప్పు బాబూ. ఆళ్ళు తాగనేదు. అడుగు సెక్క పగిలిపోనాదని ముగ్గురం మొత్తుకున్నాం. ఎల్లకపోతే రేపట్నుంచి పడవెక్కనివ్వనన్నాడు సావుకారు. నానూ అందులోనే ఉన్నాను. మొన్న అబద్ధమాడినాను."

కొందరు గొల్లున నవ్వారు. "ముందు మనిషిలా మాట్లాడటం నేర్చుకో" అన్నాడు అధికారి. యజమాని మనుషులు అప్పటికే గుమ్మం దగ్గర చేరారు.

ఎల్లాజీ కదల్లేదు. "మా మాట ఇంతే బాబూ. సచ్చిపోనోళ్ళ మాటా ఇదే. రాయించండి. రాసినదాకా నాను కూకోను."

"రాయకు" అన్నాడు అధికారి గుమాస్తాతో.

గుమాస్తా రాశాడు. ఎల్లాజీ అన్నది అన్నట్టే రాసి, చదివి వినిపించి, వేలిముద్ర వేయించుకున్నాడు. ఆ కాగితం మిగతా వాటితో పాటే పై కచేరీకి వెళ్ళింది, యజమానికి శిక్ష పడింది. ఎల్లాజీని మాత్రం ఆ తీరంలో ఎవరూ పడవ ఎక్కించుకోలేదు. బతికినన్నాళ్ళూ తెప్ప మీద ఒక్కడే వేటకు పోయాడు. గుమాస్తా కొలువు నెల తిరక్కుండా ఊడింది.

కృపావరం, "ఆ మాటల్ని కాస్త దిద్ది రాసి ఉంటే అధికారి ఒప్పుకునేవాడేమో కదా అయ్యగారూ?" అన్నాడు.

"ఒప్పుకునేవాడే," అన్నారు అయ్యగారు. "అప్పుడు అవి ఎవరి మాటలయ్యేవి?"