తల వెనక ఉంగరం

కళ్లకు గంతలు కట్టుకుని ఎదుట పెట్టిన వస్తువేదో చెప్పేస్తున్న యోగిని చూసి కోనవరం రాజుగారికి ఒళ్లు గగుర్పొడిచింది. అంతటివాడు "రాణిగారి హారం తీసింది మేదరి చెన్నడే" అనగానే, మరో విచారణ లేకుండా చెన్నణ్ణి కట్టి తెప్పించి చెయ్యి నరకమన్నారు.

చెన్నడి అక్క నాంచారి పుట్టుగుడ్డి, బుట్టలల్లి బతికేది. సభలో ఓ మూల నిలబడి అంతా విన్నది.

"మహాప్రభో, ఇంకొక్క వస్తువు చెప్పించండి. ఈసారి దాన్ని స్వామివారి తల వెనక పట్టుకోండి."

రాజుగారు వేలి ఉంగరం తీసి అలాగే పట్టుకున్నారు. యోగి చాలాసేపు నీళ్లు నమిలి "తామరపువ్వు" అన్నాడు.

రాజుగారు నాంచారి వైపు తిరిగారు.

"ఇంతమంది కళ్లున్నవాళ్లకి తెలియంది నీకెలా తెలిసిందే?" అన్నారు.

"వస్తువు పేరు చెప్పేటప్పుడల్లా ఆయన గొంతు పైకప్పు వైపు పోతోంది దొరా. అంటే గడ్డం ఎత్తుతున్నాడు. గంత కింద సందులోంచి చూసేవాడికే ఆ అవసరం. నేను నలభై ఏళ్లుగా చూపు లేకుండానే అన్నీ పోల్చుకుంటున్నాను, ఒక్కనాడూ గడ్డం ఎత్తలేదు."

రాజుగారు చెన్నడి కట్లు తానే విప్పారు.