నూకాలు ముంత మీద గాటు

ఎవరికీ చెప్పని మాట ఒకటి ముందే చెప్పేస్తాను. నా ఆసుపత్రి కార్డు బస్సులో పోలేదు. నేనే పారేశాను.

ఆర్నెల్లు మింగాల్సిన టీబీ మాత్రలు నాలుగో నెలలో ఆపేశాను. దగ్గు పోయింది, కాస్త కండ పట్టింది, ఇంకెందుకులే అనిపించింది. కార్డు నాలుగు ముక్కలు చేసి గెడ్డ నీళ్లలో వదిలి, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికొచ్చాను. అలా చూడకూడదని ఎవరూ చెప్పలేదు. మా వైపు రోగాన్ని వదిలించుకునే పాత పద్ధతే అది, కాళ్లకి వాటంతట అవే తెలుసు. ఆ పద్ధతికి మా అమ్మమ్మ చెప్పిన కథ ఒకటి ఉంది. నిన్నటి నుంచి అది బుర్రలో తిరుగుతూనే ఉంది. చెప్తే గానీ నిలవలేను.

మట్టికి మాటలొచ్చి, మనుషులకింకా రాతలు రాని కాలం. కొండకీ గెడ్డకీ నడుమ ఒక ఊరు. ఆ ఊళ్లో గెడ్డ ఒడ్డున నూకాలు అని ఒక కుమ్మరి మనిషి ఉండేది. మొగుడు పోయాడు. మొగుడితోపాటే కుండలు చేసే సారె కూడా పోయింది. ఆడది సారె తిప్పకూడదని కులపోళ్లు దాన్ని అటక మీదికి ఎత్తేశారు. అందుకని నూకాలు ఒట్టి చేతులతోనే చిన్నచిన్న ముంతలు చేసేది. మూతి వంకర, అడుగు వంకర. నిలబెడితే ఒరిగేవి.

"వీటిలో పాలు పోస్తే పాలకే సిగ్గేస్తాది" అనేవారు ఊళ్లో ఆడవాళ్లు. "మందుకైతే సరిపోతాయిలే. మందెలాగూ చేదే."

ఆ ఊరికి అమాసకొకసారి ఒక ముసలి వైద్యుడు కొండ దిగి వచ్చేవాడు. చెయ్యి పట్టుకునేవాడు. నాలిక చూసేవాడు. చెక్కపొడి నూకాలు ముంతలో పోసి ఇచ్చేవాడు. రోజూ పొద్దున్న ఆ ముంతలోనే నీళ్లు కలుపుకుని తాగాలి. ఎన్ని రోజులు తాగాలో నూకాలు మేకుతో ముంత మీద అన్ని గీతలు గీసేది. తాగిన రోజు గీతకి మసి పుయ్యాలి. మందు ఒంటికి పడకపోతే గీతల పక్కన కత్తెర గుర్తు. మళ్లీ వచ్చి చూపించుకోవాలంటే మూతి మీద ఒక గాటు.

గీత, కత్తెర, గాటు. మూడంటే మూడే. పసిపిల్లకి కూడా తెలుస్తాయి.

కానీ ఊరి పద్ధతి వేరు. జబ్బు కాస్త నెమ్మదిస్తే చాలు, ముంత పట్టుకుని మూడు దారులు కలిసేచోటికి వెళ్లేవారు. నేలకేసి కొట్టేవారు. వెనక్కి చూడకుండా వచ్చేసేవారు. రోగం ముంతలో ఉంటుందట, ముంత పగిలితే పోతుందట. గీతలు సగమే నిండినా పగలగొట్టడమే. గాటున్నా పగలగొట్టడమే.

మరుసటి అమాసకి ముసలాయన తల పట్టుకునేవాడు. "ముంతేదిరా?"

"పగలగొట్టేశాను బాబూ."

"కిందటిసారి నీకేమిచ్చాను?"

"నాకేటి తెలుస్తాది బాబూ, మీరే కదా ఇచ్చారు."

"నా బుర్రలో నలభై ఊళ్లున్నాయిరా నాయనా."

నూకాలు పక్కన కూర్చుని వినేది. ఒకసారి విన్నది. రెండుసార్లు విన్నది. మూడోసారి విని, గంప నెత్తిన పెట్టుకుని మూడు దారుల దగ్గరికి వెళ్లి నిలబడింది. ముంత ఎత్తిన ప్రతివాళ్లకీ అడ్డం పడింది.

"ముంత ఇలగియ్యి. నీ రోగం నాకాడుంటాది."

"నీకు పిచ్చేటే నూకాలూ?"

"ఉంటే ఉంది. ఇయ్యి."

ఎవరికి చేదు? రోగం ఇంకొకరి ఇంటికి పోతానంటే ఎవరొద్దంటారు? ఇచ్చేశారు. నూకాలు ఒక్కటే అడిగేది: "మందు పడిందా, పడనేదా?" పడలేదంటే అక్కడే మేకు తీసి కత్తెర గీసేది. తర్వాత వాళ్ల బట్టలోంచి ఒక పీలిక చింపి ముంత మెడకి కట్టేది. పంచె అంచో, చీర చెంగో, పిల్లల బొంత ముక్కో. ఏ ముంత ఎవరిదో పీలిక చెప్తుంది.

ఇలా ఇవ్వనని మొండికేసింది ఒక్కతే, దేముడమ్మ. ఊరందరి మీదా నోరున్న మనిషి. దాని కూతురు పైడికి మూడేళ్లు. జ్వరానికి మందు తాగిన పూటే పిల్ల ముఖం వాచింది, పెదాలు నల్లబడ్డాయి, ఊపిరి పోయి మళ్లీ వచ్చింది.

"దిష్టి తగిలింది నా పిల్లకి. నీ కళ్లే తగిలుంటాయి. ఇయ్యను, పగలగొట్టేస్తాను."

"ఏ మందు తాగింది?"

"మందు మందే. నల్లదో, ఎర్రదో. నాకెందుకు?"

"ముంత ఇలగియ్యి. నీ రోగం నాకాడుంటాది."

"ఉండనీ మరి. నీకే తగలనీ" అని దేముడమ్మ ముంత విసిరేసి వెళ్లిపోయింది. ముంత బురదలో పడింది, పగల్లేదు. వంకర ముంత కదా, గుండ్రంగా దొర్లలేదు. నూకాలు తీసి తుడిచింది. అయిదు గీతలు, ఒక్కదానికే మసి. కత్తెర గీసింది. దండెం మీద ఆరేసిన పైడి బొంతలోంచి పసుపు పీలిక చింపి మెడకి కట్టింది. ఉట్టికెక్కించింది.

ఏళ్లు గడిచాయి. నూకాలు ఇల్లంతా ఉట్లే. తల వంచుకుని తిరగాల్సిందే. ఊరు ఆ ఇంటికి దూరం జరిగింది. ఆవిడ నీళ్లకెళ్తే మిగిలిన ఆడవాళ్లు బిందెలు ఎత్తుకునేవారు. ఆవిడ నీడ పడితే పిల్లల్ని లాక్కునేవారు. రోగాల నూకాలు అని పేరు పెట్టారు. ఆవిడేమో ఆ పేరుకి పలికేది కూడా.

ముసలి వైద్యుడు పోయాడు. ఆయన బుర్రలో ఉన్న నలభై ఊళ్లూ ఆయనతోనే పోయాయి. కొత్త వైద్యుడు వచ్చాడు, కుర్రవాడు. ఆ ఏడు వానలతోపాటు చలిజ్వరం దిగింది. ముందుగా పైడి మీదే దిగింది. అప్పటికి దానికి పదేళ్లు.

ఇక్కడి నుంచి నేను చిన్నప్పుడు లేచి నిలబడి వినేదాన్ని.

కుర్ర వైద్యుడు పైడి చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి నిప్పు. "ఈ జ్వరానికి మందులు రెండున్నాయి. నల్లచెక్క, ఎర్రచెక్క. నల్లచెక్క తొందరగా పనిచేస్తుంది. ముందెప్పుడైనా పిల్లకి ఏదైనా పడలేదా?"

"అన్నీ పడతాయి బాబూ" అంది దేముడమ్మ. "ఒకసారి దిష్టి తగిలి వాచింది గానీ, మందుల వల్ల ఏమీ నేదు."

వైద్యుడు నల్లచెక్క నూరడం మొదలుపెట్టాడు.

ఆ వాసన గాలిలో తేలి గెడ్డ ఒడ్డుకి వచ్చింది. నూకాలు మట్టి చేతులతోనే ఆగి గాలి పీల్చింది. పసుపు పీలిక ముంత అడుగున ఉన్న వాసనే. ఏ ఇంట్లో, అని అడిగింది. దేముడమ్మ ఇంట్లో అన్నారు. నూకాలు లోపలికి పరిగెత్తింది, పసుపు పీలిక ముంత దింపింది, వీధిలో పడింది.

వీధి మొదట్లో మగవాళ్లు అడ్డం నిలబడ్డారు. "రోగాల ముంత వీధిలోకి తేకు." నూకాలు వాళ్ల కర్రల కింద నుంచి దూరింది.

నూతి దగ్గర ఆడవాళ్లు అడ్డం నిలబడ్డారు. "రోగాల ముంత నూతి పక్కన తేకు." నూకాలు వాళ్ల బిందెల మీద నుంచి దాటింది. రెండు బిందెలు దొర్లాయి.

గుమ్మంలో దేముడమ్మ అడ్డం నిలబడింది. లోపల మందు నూరడం అయిపోయింది. నీళ్లు కలుపుతున్నారు.

"నా పిల్ల చావుబతుకుల్లో ఉంటే దాని పాత రోగం మోసుకొచ్చావేటే? పో అవతలకి."

"ముంత నీదే దేముడమ్మా."

"నాది కాదు."

"పీలిక చూడు. కుట్టు ఎవరిదో చూడు."

దేముడమ్మ చూసింది. పసుపు బొంత. తనే కుట్టింది, పైడి కడుపులో ఉన్నప్పుడు. ఒక వరసలో సూది తప్పి కుట్టు మీద కుట్టు పడింది. అదిగో, ఆ తప్పు కుట్టు. దేముడమ్మ పక్కకి జరిగింది.

వైద్యుడు పైడి తలెత్తి పట్టుకుని ఉన్నాడు. మందు పెదాల దాకా వచ్చింది. నూకాలు వంకర ముంత ఆయన ముఖం ముందు పెట్టింది.

"ఏమిటిది?"

"గీతలు రోజులు బాబూ. మసి తాగినట్టు. కత్తెర పడనట్టు."

ఆయన చూశాడు. అయిదు గీతలు, ఒక్కదానికే మసి, పక్కన కత్తెర. వేలితో అడుగు గోకాడు. ఏడేళ్ల నాటి పొడి గోరుకి అంటింది. వాసన చూశాడు. చేతిలో ఉన్న మందు వాసన చూశాడు. మళ్లీ ముంత వాసన చూశాడు. లేచి వెళ్లి చేతిలో మందు పెరట్లో పారబోశాడు.

"ఎర్రచెక్క తెండి" అన్నాడు.

మూడు రోజులు ఎర్రచెక్క. మూడో రోజు పైడి లేచి కూర్చుని గంజి అడిగింది.

అప్పుడు వైద్యుడు నూకాలుని అడిగాడు. "అమ్మా, ఇలాంటివి ఇంకా ఉన్నాయా?"

"ఇల్లంతా అవే బాబూ. పడుకోడానికి చోటు నేదు."

ఆ రోజు నుంచి ఆయన నూకాలు అరుగు మీదే కూర్చున్నాడు. ఏ ఇంటికి దూరం జరిగారో ఆ ఇంటి ముందే ఊరంతా వరస కట్టింది. ఎవరి పీలిక వాళ్లు వెతుక్కున్నారు. నూకాలు ఒక్కొక్కళ్లనీ ఉతికి ఆరేసింది.

"ఏరా, ఆరు గీతలకి రెండే మసి పూశావు, మిగతావి నీ మావ తాగాడా?"

"నీ మూతి మీద గాటుందే అప్పా. నీ మూతి కాదు, ముంత మూతి. మూడేళ్ల కిందట మళ్లీ రావాలి నువ్వు."

నవ్వినవాళ్లు నవ్వారు, సిగ్గుపడినవాళ్లు సిగ్గుపడ్డారు, అందరూ మళ్లీ చూపించుకున్నారు. ఆ ఏడు చలిజ్వరానికి ఆ ఊళ్లో ఒక్కళ్లూ పోలేదు.

కథ ఇక్కడితో అయిపోయిందనుకుని చిన్నప్పుడు పరిగెత్తేదాన్ని. అమ్మమ్మ చెయ్యి పట్టుకుని ఆపేది. "కూకో. నూకాలు ఎలా పోయిందో వినవా?"

నూకాలు కడుపునొప్పితో పోయింది. ముంత చేస్తూ ఒక చేత్తో కడుపు పట్టుకునేది. ఏటే అంటే, గాలి అనేది. పోయాక పైడి ఆ ఇల్లు ఊడుస్తూ అటకెక్కింది. మొగుడి సారె వెనక ఒక ముంత దొరికింది. దాని మెడకి నూకాలు చీర పీలికే. తొమ్మిది గీతలు. మూడింటికే మసి. మూతి మీద గాటు.

ఊరందరి గాట్లూ గుర్తున్న మనిషి. తన గాటు ఎప్పుడని అడిగే దిక్కు లేకపోయింది. తనది తనే దాచుకుంది. తనకి తనే గాలి అని చెప్పుకుంది.

పైడి ఆ ముంత పట్టుకుని వీధిలోకి వచ్చింది. ఎవరూ అడ్డం నిలబడలేదు. "ఎవరి ముంత వాళ్లు దాచుకోకండి" అంది. "ఇంకొకళ్లకివ్వండి. ఇంకొకళ్లే అడగాల."

ఇప్పుడు ముంతలు పోయాయి, ఫైళ్లు వచ్చాయి. అయినా మా వైపు ఆసుపత్రి ఫైలుకి పాత బట్ట పీలిక కడతారు. నా ఫైలు పక్కింట్లో ఉంటుంది, పక్కింటావిడది మా ఇంట్లో ఉంటుంది. డాక్టరు దగ్గర్నుంచి ఎవరొచ్చినా గుమ్మంలోనే అడుగుతారు, "గాటెప్పుడు?" అని. మందు మధ్యలో మానేసినవాళ్లని తిట్టరు. ఒక్కటే అడుగుతారు, "ముంత పగలగొట్టేశావా?"

ఈ టీబీ కార్డు మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. టీబీ అని తెలిస్తే బిందెలు ఎత్తుకుంటారని భయపడ్డాను. నాది నేనే దాచుకున్నాను, నేనే చింపుకున్నాను.

ఆసుపత్రిలో మాత్రలిచ్చే ఈశ్వరి సిస్టర్ మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి, మాత్రలకి రాలేదేమమ్మా అంది. కార్డు బస్సులో పోయిందన్నాను. రెండోసారి, కొత్తది రాసిస్తాను రామ్మా అంది. వస్తానన్నాను. మూడోసారి నిన్న. పలకరింపు కూడా లేదు.

"ముంత పగలగొట్టేసేవేటే?"

ఫోన్ పెట్టేశాను. అప్పటి నుంచే ఈ కథ తిరుగుతోంది. ఇప్పుడు రాస్తూ రాస్తూ ఒకటి గుర్తొచ్చింది. మొదటి రోజు కార్డు రాసేటప్పుడు సిస్టర్ నా చున్నీ అంచులోంచి ఒక పచ్చ దారం లాగి, తన రిజిస్టర్లో నా పేజీకి కట్టుకుంది. అప్పుడు అదేదో అలవాటనుకున్నాను. కార్డు చింపితే ఏమైంది? నా గీతలన్నీ ఆవిడ దగ్గరున్నాయి. నేను పగలగొట్టింది నా ముంత కాదు. అది ఇంకా ఉట్టి మీదే ఉంది.

మూడు రోజుల నుంచి సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. ఇంట్లో అడిగితే ఎండ అన్నాను. నూకాలు గాలి అన్నట్టే.

పొద్దున్న తొమ్మిదిన్నరైంది. సిస్టర్ ఓపీలో రిజిస్టర్ ముందేసుకుని కూర్చుని ఉంటుంది. ముందు ఏం చెప్పాలో కూడా తెలుసు. సిస్టర్, కార్డు బస్సులో పోలేదు. ఆ తర్వాత, గాటెప్పుడు అని అడుగుతాను.

ఫోన్ తీశాను. చేస్తున్నాను.