బొంతలో విడిచిన చోటు

ఇస్తారికి వైరాగ్యం ఒంటబట్టిందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. అందరికంటే ముందు ఇస్తారే చెప్పుకునేవాడు.

కొడుకు సాయిలు వానాకాలపు జ్వరానికి పోయాడు. పన్నెండేళ్ళవాడు, ఒక్కడే కొడుకు. ఇస్తారి ఏడవలేదు. దినాలు కాగానే పిల్లవాడి బట్టలన్నీ మూటగట్టి చాకలివాళ్ళకు ఇచ్చేశాడు. ఆ వారమే భజనకు వెళ్ళి, ఈ లోకంలో ఎవరూ ఎవరికీ ఏమీ కారనే తత్వం గొంతెత్తి పాడాడు. నిబ్బరమంటే అదీ అన్నారు జనం. ఆ మాట అతనికి బాగా నచ్చింది.

అది జరిగాక ఇది రెండో చలికాలం. ఆదిలాబాదు అడవుల పక్కన ఉండే ఊరది. అక్కడ చలికి చెంబులో నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఒక పొద్దున ఇస్తారి మంకీ టోపీ పెట్టుకుని, వాగు అవతల గుడిసెలో ఉండే గురువు మాణిక్యదాసు దగ్గరికి వెళ్ళాడు. మాణిక్యదాసు ముసలివాడు, మాటలు తక్కువ. శిష్యులు పెద్ద పెద్ద ప్రశ్నలు అడిగితే కట్టెలు కొట్టుకురమ్మనేవాడు.

"అయ్యగారూ, మా సత్తవ్వకు మీరే ఏమన్న చెప్పాలె" అన్నాడు ఇస్తారి, పెళ్ళాం గురించి.

"ఏమైంది?"

"ఒక బొంత మొదలువెట్టింది. రెండేండ్లాయె. అటక మీదికెళ్ళి దించుతది, ముందరేస్కొని కూసుంటది, మల్ల ఎత్తిపెడ్తది. ఒక్క కుట్టెయ్యదు. సంతల రగ్గు కొనుకొచ్చిన. కప్పుకోదు. ఒట్టి చాప మీద ముడుసుకొని పంటది. ఇగ దగ్గు పట్టింది. నాతోని మాట్లాడనే మాట్లాడదు. ఇట్లనే ఉంటె ఈ చలికి ఆమె గూడ..."

మిగతా మాట మింగేశాడు. టోపీ చెవుల మీదికి లాక్కున్నాడు.

"నేను శాన చెప్పి చూసిన. పోయినోడు పోయిండు, బంధాలన్ని ఉత్తయే అని. ఆమెకు జ్ఞానం ఎక్కుతలేదు."

"నీకెక్కిందా?"

"అంత మీ దయ" అన్నాడు ఇస్తారి వినయంగా.

నిజంగానే అలా అన్నాడు.

మాణిక్యదాసు కంబళి భుజాన వేసుకుని లేచాడు. "పా, పోదాం" అన్నాడు. దారి పొడుగునా ఇస్తారి మోహం గురించి చెబుతూనే ఉన్నాడు. ఆయన వాగులో కాలు జారకుండా చూసుకుంటూ నడిచాడు.

వీళ్ళు వెళ్ళేసరికి సత్తవ్వ కుంపటి రాజేస్తోంది. గురువు కాళ్ళకు మొక్కి, చాయ పెట్టి ఇచ్చి, పక్కకు తిరిగి దగ్గింది. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. సంతలో కొన్న రగ్గు కట్టిన తాడు కట్టినట్టే గోడవారన ఉంది.

"బిడ్డా, ఆ బొంత తీస్కరా" అన్నాడు మాణిక్యదాసు.

ఆమె భర్త వైపు ఒకసారి చూసింది. వెళ్ళి తెచ్చి నేల మీద పరిచింది.

ఆ ఊళ్ళో బొంతకు పైనొక చీర, కిందొక చీర. మధ్యలో పాత గుడ్డలు పొరలు పొరలుగా వేస్తారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందివీ, తొడిగి విడిచిన బట్ట తలా ఒకటి ఆ పొరల్లో ఉండాలి. ఎవరి బట్ట లోపల ఉంటే వాళ్ళకే ఆ బొంత వెచ్చగా ఉంటుందని వాళ్ళ నమ్మకం. సత్తవ్వ బొంతకు మూడు వైపులా కుట్టు పడింది. చిన్న చిన్న కుట్లు, పక్కపక్కనే, ఎక్కడా వంకర లేదు. నాలుగో వైపు తెరిచే ఉంది.

మాణిక్యదాసు ఆ అంచున గుచ్చి ఉన్న సూది తీశాడు. తీసి ఇస్తారి ముందు పెట్టాడు.

"నేనా?" అన్నాడు ఇస్తారి.

"ఆమె కుడ్తలేదంటివిగద. నువ్వు కుట్టు."

"మగోన్ని అయ్యగారూ. నాకు సూది పట్టుకోనొస్తదా?"

"భజనకు రాకముందు తాళాలు పట్టుకోనొచ్చెనా?"

ఇక తప్పలేదు. సూదిలో దారం ఎక్కించడానికే అతని తాతలు దిగివచ్చారు. వేలికి రెండుసార్లు గుచ్చుకుంది. కుట్టు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఇంకొకటి ఎటో పోయింది. పొరలు సర్దుతుంటే తన పాత పంచె కనబడింది. దాన్ని ఆమె ఎప్పుడు తీసి దాచిందో అతనికి తెలియదు. దానికి కాస్త ఎడంగా ఆమె వెలిసిపోయిన రవిక ఉంది. సత్తవ్వ దూరంగా కూర్చుని అతని చేతుల్నే చూస్తోంది. గురువు కుంపటి ముందు చేతులు కాచుకుంటున్నాడు, అందుకోసమే వచ్చినట్టు.

నాలుగో వైపు సగం దాకా కుట్టాడు. అప్పుడు సత్తవ్వ ముందుకు వంగి, తెరిచి ఉన్న అంచు మీద అరచెయ్యి పెట్టింది.

"ఆడ మూయకు."

"ఎందుకు?"

"ఆడ చోటు ఇడిసిపెట్టిన."

లేచి లోపలికి వెళ్ళింది. వడ్లు పోసే గుమ్మిలో చెయ్యి పెట్టి వెతుకుతున్న చప్పుడు వినబడింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె చేతిలో నీలం గళ్ళ అంగీ ఉంది. చిన్న అంగీ. ఇస్తారి పోల్చుకున్నాడు. దాన్ని తన చేతులతోనే మూటలో కట్టాడు మరి.

"చాకలోళ్ళింటికి వొయ్యి అడుక్కొని తెచ్చుకున్న" అంది సత్తవ్వ. "బొంత మొదలువెట్టిన్నాడు, నీ అంగి ఒకటి ఇయ్యరా అని వాన్ని అడిగిన. ఇంక చినుగలేదే అవ్వా, చలికాలం దాంక తొడుక్కోని ఇస్తనన్నడు. సరే అని చోటు ఇడిసిన."

ఇస్తారి చెయ్యి ఆగిపోయింది. నోరు మాత్రం అలవాటు కొద్దీ ఊరి మాట చెప్పేసింది.

"పోయినోళ్ళ బట్ట బొంతల పెట్టరు."

"నాకెరుక లేదా?" అంది ఆమె. "పెడ్తె తప్పు. పెట్టకుంట మూస్తె వాడు ఈ ఇంటోడే గాదన్నట్టు. ఏం జెయ్యాల్నని ఎవ్వర్నడగాలె? నిన్నడిగితె తత్వం పాడ్తవు."

సత్తవ్వ అంగీని ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. మళ్ళీ వడ్ల గుమ్మిలోకే పోతుంది అది. ఈ చలికాలమూ అంతే అన్నమాట.

మాణిక్యదాసు కుంపటి వైపు నుంచి ఇటు తిరిగాడు.

"ఇస్తారి చెప్పింది నిజమే బిడ్డా. ఇంట్ల ఉన్నోళ్ళయే పెట్టాలె."

గురువు కూడా అంతేనా అనుకుంది ఆమె. ఆయన ఇస్తారిని అడిగాడు.

"మరి మీ ఇంట్ల ఎంతమందిరా?"

చిన్న లెక్క. జవాబు అతని నోటి దాకా వచ్చింది. అంగీని చూశాడు. దాన్ని మడత పెడుతున్న చేతుల్ని చూశాడు. ఆ చేతులు ఎంత చిక్కిపోయాయో అతను ఇదివరకు చూడలేదు. అవి మడత మధ్యలో ఆగి ఉన్నాయి.

"ముగ్గురం" అన్నాడు.

ఆ మాటతో పాటే ఏడుపు వచ్చింది. నిబ్బరం గిబ్బరం ఏమీ మిగల్లేదు. సూది చేతిలో ఉండగానే, ముక్కు కారుతుండగానే, సాయిలూ సాయిలూ అంటూ బొంత మీద పడి ఏడ్చాడు. పిల్లవాణ్ణి మట్టిలో పెట్టిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చాడు. సత్తవ్వ అలాగే చూస్తూ ఉండిపోయింది. కొడుకు పోయింది తనకొక్కదానికే అనుకుంటూ బతికింది ఆమె ఇన్నాళ్ళూ. దగ్గరికి జరిగి అతని వీపు మీద చెయ్యి వేసింది.

మాణిక్యదాసు లేచి వాకిట్లోకి పోయాడు. ఎండ పొడలో ఇంటికి వీపు పెట్టి కూర్చుని బీడీ ముట్టించాడు.

ఇస్తారి మంకీ టోపీ తీసి దాంతోనే ముఖం తుడుచుకున్నాడు. అంగీ అందుకుని, తన పంచెకూ ఆమె రవికకూ మధ్య విడిచిన చోట పరిచాడు. చేతులు రెండూ చక్కగా చాపాడు. కాలరు సరిచేశాడు. అంగీ ఎక్కడా చిరగలేదు. కాసేపు దాని మీద చెయ్యి అలాగే ఉంచాడు. తర్వాత పై చీర కప్పి, మళ్ళీ సూది పట్టుకున్నాడు.

సత్తవ్వ అవతలి కొస పట్టుకుని గుడ్డ కదలకుండా లాగి కూర్చుంది. ఒకసారి దగ్గింది. అతను ఆగాడు. కుట్టు అన్నట్టు తల ఊపింది. కొన్ని కుట్లు పడ్డాయి. ఆమె చూసి చూసి ఇక ఉండలేకపోయింది.

"సాయిలు నాయినా, దారం గంత బిర్ర గుంజకు. ముడుత వడ్తది."

పిల్లవాడు పోయినప్పటి నుంచి ఆమె అతన్ని అలా పిలవలేదు.

ఇస్తారి దారం కొంచెం వదులు చేశాడు.